నీటి కింద నా ఒళ్ళు: ఒక కాలువ పడవ ఆత్మకథ

నా పొడవు 57 అడుగులు. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఇంత పొడుగు పడవ ఇంత సన్నగా ఉండటమేమిటని మీకు అనిపించవచ్చు. ఇంగ్లండు కాలువల మీద తిరిగే మా జాతి పడవలన్నిటిదీ ఇంచుమించు ఇదే వెడల్పు. మమ్మల్ని నారోబోట్లు అంటారు. ఈ కొలత నన్ను కొన్నవాళ్ళు అడిగిందీ కాదు, నన్ను చేసినవాళ్ళు పెట్టిందీ కాదు. 1766లో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరు ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ పని మొదలుపెట్టాడు. ఖర్చు, నీళ్ళు రెండూ ఆదా అయ్యేలా లాకులను దాదాపు 7 అడుగుల వెడల్పుతోనే కట్టాలని నిశ్చయించాడు. ఆయన 1772లో కన్నుమూశాడు, కాలువ 1777లో పూర్తయింది. ఆ లాకుల్లో పట్టేలా పుట్టడం అప్పటినుంచీ మాకు తప్పనిసరి అయింది. పొడవుకీ ఒక లెక్కుంది. ఉత్తరాదిన కొన్ని కాలువల లాకులు పొట్టివి. 57 అడుగులు దాటని పడవైతే దేశంలో దాదాపు ఏ కాలువలోకైనా వెళ్ళగలదు.

లాకు అంటే నీళ్ళు నింపి, వదిలి పడవను ఎక్కించి దించే తలుపుల గది. గోదావరి జిల్లాలవారికి దాని గురించి నేను చెప్పనక్కరలేదు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తిచేశాక డెల్టాలో సాగిన కాలువలు పొలాలకు నీళ్ళిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. రైలు కంటే నీటిదారి మేలని చివరిదాకా వాదించిన మనిషి ఆయన. ఆ కాలువల్లో ధాన్యం పడవలు ఏ తీరు లాకుల్లో ఎక్కి దిగాయో, అదే తీరు లాకుల్లో నేనూ ఎక్కి దిగుతున్నాను.

నేను పుట్టింది 1990ల చివర్లో, మిడ్‌లాండ్స్‌లోని ఒక రేకుల షెడ్డులో. నా అడుగు 10 మిల్లీమీటర్ల ఉక్కు. పక్కలు 6, గది గోడలు, కప్పు 4. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ దీన్ని "పది-ఆరు-నాలుగు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఉత్త డొల్లను నీళ్ళలోకి దింపితే పైపైనే తేలి, మనిషి ఒక పక్కకు నడవగానే ఒరిగిపోతుంది. అందుకని నా నేల చెక్కల కింద వరసలు వరసలుగా ఇటుకలు పేర్చారు. ఒక పక్క మంచినీళ్ళ సామాను, ఇంకో పక్క పొయ్యి, బ్యాటరీలు వచ్చాక మళ్ళీ ఆ ఇటుకలు అటూ ఇటూ సర్ది సమం చేశారు. ఇప్పుడు నా బరువు దాదాపు 16 టన్నులు. రెండడుగుల మేర నీళ్ళలో మునిగి ఉంటాను. ఆ రెండడుగులే నా అసలు ఒళ్ళు. పైన కనిపించే కిటికీలు, పూల రంగులు, ఇత్తడి మెరుపులు అన్నీ దాని మీద ఆధారపడి బతికేవే.

మా పాత తరం పడవలను గట్టు మీద నడిచే గుర్రాలు లాగేవి. బొగ్గు, బంకమట్టి, పింగాణీ సామాన్లు మోసేవి. సరకుకే చోటంతా పోగా, అమరం దగ్గర ఉన్న చిన్న గదిలో సరంగు, భార్య, పిల్లలు కాపురం చేసేవాళ్ళు. అమరం అంటే తెలుగు సరంగులకు తెలిసిందే, పడవ వెనక కొస. రైళ్ళు, తర్వాత లారీలు ఆ సరకును పట్టుకుపోయాయి. 1948లో కాలువలు ప్రభుత్వపరం అయ్యాయి. 1962-63 చలికాలంలో వారాల తరబడి కాలువలు గడ్డకట్టి పడవలు కదలకపోవడంతో మిగిలిన వ్యాపారం కూడా చాలావరకు మూతపడింది. కాలువలన్నీ పూడిపోవలసినవే. కానీ అంతకు చాలా ముందే వాటిని కాపాడే ప్రయత్నం మొదలైంది. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజినీరు 'క్రెస్సీ' అనే పడవలో భార్యతో కలిసి తిరిగి, ఆ ప్రయాణం గురించి 1944లో 'నారోబోట్' అనే పుస్తకం ప్రచురించాడు. దాన్ని చదివి కదిలినవాళ్ళలో రాబర్ట్ ఐక్‌మన్ ఒకడు. వాళ్ళిద్దరూ కలవడంతో 1946లో ఇన్‌ల్యాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. ఆ తర్వాత కాలంలో ఎందరో సెలవు రోజుల్లో పారలు పట్టుకుని బురదలో దిగి కాలువలను బతికించారు. సరకు పోయిన దారిలో విహారం వచ్చింది. నేను ఆ విహారం కోసం పుట్టిన తరం దాన్ని.

నన్ను మొదట కొన్నాయన పెద్ద ఉద్యోగి. తీరిక తక్కువ. ఏడాదిలో ఎక్కువ భాగం నేను మెరీనాలో కట్టేసి ఉండేదాన్ని. గట్టు మీది ప్లగ్గు నుంచి కరెంటు తీగ ఒకటి ఎప్పుడూ నాకు తగిలించి ఉండేది. నా ఒంటిని తినేసింది ఆ తీగే. కరెంటుతో పాటు వచ్చే ఎర్త్ తీగ నన్నూ, పక్కన కట్టిన పడవలనూ, గట్టునూ ఒకటిగా కలుపుతుంది. నీళ్ళలో వేరువేరు లోహాలు అలా కలిస్తే సన్నని విద్యుత్తు పారి, బలహీనమైన లోహం కరగడం మొదలవుతుంది. ముందుగా కరగడానికే నా పక్కలకు మెగ్నీషియం దిమ్మలు బిగించి ఉంటారు. మంచినీళ్ళలో తిరిగే పడవకు మెగ్నీషియమే సరైనది. అవి ఉన్నన్నాళ్ళు ఉక్కును కాపాడతాయి. అవి అరిగిపోయాక చూసే నాథుడు లేకపోతే వంతు ఉక్కుకు వస్తుంది. గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న పెట్టె ఒకటి ఆ తీగకు అమర్చి ఉంటే ఆ ప్రవాహం చాలావరకు ఆగేది. ఎవరూ అమర్చలేదు.

తర్వాత నన్ను చూడ్డానికి ఉద్యోగ విరమణ చేసిన దంపతులు వచ్చారు. ఆవిడ బడిలో పాఠాలు చెప్పిన మనిషి, ఆయన బస్సు డ్రైవరు. వంటగది చూసి ఆవిడ ముఖం విప్పారింది. ఓక్ చెక్క అలమారలు, రాగి కెటిలు, కిటికీలోంచి బాతులు. ఆయన మాత్రం నేల చెక్క ఒకటి పైకెత్తి చేత్తో తడిమాడు. వేళ్ళకు తడి అంటింది. "ముందు సర్వే చేయిద్దాం, తర్వాతే బేరం" అన్నాడు.

నన్ను డ్రై డాక్‌లోకి తీసుకెళ్ళి నీళ్ళు తోడేశారు. ఏళ్ళ నాచు, గుల్లలు వేలాడుతూ నా అడుగుభాగం గాలికి బయటపడింది. సర్వేయరు సుత్తితో నా పక్కలంతా కొట్టుకుంటూ వచ్చాడు. మంచి ఉక్కు ఖణేల్‌మంటుంది, పుచ్చిన చోట మొద్దు శబ్దం వస్తుంది. తర్వాత అక్కడక్కడా తుప్పు గీకి, ఉక్కు మెరిసేలా చేసి, దానిమీద జిగురు పూసి అల్ట్రాసౌండ్ మీటరు ఆనించాడు. మందం అంకెల్లో కనిపించింది. అడుగు బాగానే ఉంది. నీటి గీత దగ్గర, గాలీ నీరూ రెండూ తగిలే చోట, 6 మిల్లీమీటర్లుండాల్సిన పక్క ఒకచోట 4.6 ఉంది. తుప్పు తిన్న గుంటలు కూడా ఉన్నాయి. ఉక్కు 4 మిల్లీమీటర్ల కంటే పలచబడితే పూర్తి బీమా దొరకడం కష్టం. పైన కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి, దానికి వేల పౌండ్లవుతాయి. నేను ఆ హద్దుకు ఇవతలే నిలిచాను. సర్వే కాగితం చేతిలో పెట్టుకుని వాళ్ళు బేరమాడారు, ధర తగ్గింది. తగ్గిన సొమ్మంతా వాళ్ళు నా ఒంటికే ఖర్చుపెట్టారు. గుంటలు వెల్డింగుతో నింపించారు, కొత్త మెగ్నీషియం దిమ్మలు బిగించారు, ఐసొలేటర్ అమర్చారు.

నన్ను ఇల్లుగా మార్చడంలో వాళ్ళు చూపిన క్రమం నాకు నచ్చింది. ముందు ప్రాణానికి సంబంధించినవి, తర్వాత సుఖానికి సంబంధించినవి. వంట గ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే కిటికీలోంచి పోతుందేమో, పడవలో మాత్రం అడుగున చేరి కూర్చుంటుంది. అందుకే సిలిండర్లను అణియంలో, అంటే ముందు కొసలో, విడి గదిలో పెడతారు. ఆ గది అడుగున, నీటిమట్టానికి పైన, గ్యాసు బయటికి జారిపోయే చిల్లులుంటాయి. వాటికి తాళ్ళూ బకెట్లూ అడ్డం పడకుండా చూడాలి. కట్టెలు, బొగ్గు రెండూ కాల్చే పొయ్యి నా ముందు గదిలో ఉంది. దాని గొట్టం కప్పును దాటే చోట సందులన్నీ కప్పించారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. మూసిన గదిలో నిద్రలోనే మనిషి ప్రాణం తీస్తుంది. నిద్రించే వసతి ఉన్న పడవల్లో దాన్ని పసిగట్టే అలారం 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. మావాళ్ళు నిబంధన కోసం ఒకటి, తమ కోసం పడకగదిలో ఇంకొకటి పెట్టారు. బోట్ సేఫ్టీ స్కీమ్ పరీక్ష నాలుగేళ్ళకోసారి. అది పాసయితేనే లైసెన్సు. బీమా, లైసెన్సు, కట్టుకునే చోటు మూడూ చూసుకోవాలి. సొంత రేవు లేకుండా నిత్యం తిరిగే పడవ ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదని 1995 నాటి చట్టం చెబుతోంది.

తర్వాత బ్యాటరీలు. ఇంజిను స్టార్టు చేసేది ఒకటి, దీపాలకూ ఫ్రిజ్‌కూ వేరే వరస. సీసం బ్యాటరీని సగం కంటే కిందకి ఖాళీ చేస్తూ పోతే తొందరగా చచ్చిపోతుంది. ఆ సంగతి తెలిసి ఆయన ప్రతి సాయంత్రం మీటరు చూస్తాడు. కప్పు మీద సౌర ఫలకాలు వచ్చాక వేసవిలో ఇంజిను ఊరికే తిప్పే పని తప్పింది.

ఇక నడక. మా వేగం గంటకు నాలుగు మైళ్ళు మించదు. కట్టి ఉన్న పడవల పక్కన అంతకంటే బాగా తగ్గించాలి. లేకపోతే నా అల తాకిడికి వాటిని కట్టిన మేకులు ఊడి వస్తాయి. బ్రాన్‌స్టన్ అనే ఊరి దగ్గర రెండు కాలువలు కలుస్తాయి. అక్కణ్ణుంచి గ్రాండ్ యూనియన్ కాలువ మీద తూర్పుకు వెళితే బ్లిస్‌వర్త్ సొరంగం. 1805లో తెరిచిన ఈ సొరంగం పొడవు 3,076 గజాలు. లోపల గుర్రానికి దారి లేదు. మనుషులు పలకల మీద వెల్లకిలా పడుకుని, గోడలను కాళ్ళతో తన్నుతూ పడవను నడిపించేవారు. అదే ఏడాది వేల్స్ సరిహద్దులో పాంట్‌కసుల్తే నీటి వంతెన కూడా తెరుచుకుంది. 38 మీటర్ల ఎత్తున ఇనుప తొట్టెలో సాగే ఆ నీటిదారి మీద ఒక పక్క కాలిబాట, కంచె. రెండో పక్క మాత్రం తొట్టె అంచు తప్ప ఏమీ లేదు.

నాకు అన్నిటికంటే జాగ్రత్త కావలసింది లాకులో దిగేటప్పుడు. ఆవిడ గట్టు మీద చేతి పిడి తిప్పి తలుపు చిల్లు తెరుస్తుంది, నీళ్ళు దిగువకు పోతాయి, నేను వాటితో పాటు కిందికి దిగుతాను. వెనక పై తలుపు కింద ఒక రాతి మెట్టు ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. నిండుగా ఉన్నప్పుడు అది కనిపించదు. నీళ్ళు తగ్గుతుంటే నా అమరం దానిమీద చిక్కుకుందా, ముందుభాగం దిగిపోయి వెనకభాగం వేలాడిపోతుంది, నిమిషాల్లో నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. లాకుల్లో పడవలు మునగడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. గోడ మీద తెల్ల గీత ఒకటి గీసి ఉంటుంది. ఆయన ఆ గీతకు ముందుండేలా నన్ను నిలబెట్టి, చుక్కాని వదలకుండా, ఆవిడ ముఖం మీంచి చూపు తిప్పకుండా నిలబడతాడు. ఏదైనా తట్టుకున్నట్టు అనిపిస్తే చెయ్యెత్తుతాడు, ఆవిడ వెంటనే చిల్లు మూసేస్తుంది.

రోజూ చేసే పనులు చిన్నవి. ప్రొపెల్లర్ కడ్డీ నా ఒంటిలోంచి బయటికెళ్ళే చోట నీళ్ళు రాకుండా గ్రీజు కుక్కి ఉంటుంది. ప్రయాణం ముగిశాక ఆ గ్రీజు మరను చుక్క ఆగేదాకా తిప్పాలి. ఇంజిను నూనె చూడాలి, అడుగున నీరు చేరిందేమో చూడాలి. ప్రొపెల్లరుకు గుడ్డలూ తీగలూ చుట్టుకుంటే తీయడానికి దానిపైన వీడ్ హ్యాచ్ అనే మూత ఉంటుంది. ఇంజిను ఆపి, దాని తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే ఆ మూత తెరిచి చెయ్యి పెట్టాలి. మళ్ళీ ఆ మూత సరిగ్గా బిగించకుండా ఇంజిను వేస్తే నీళ్ళు ఎగజిమ్మి పడవ మునుగుతుంది. చలికాలం ముందు గొట్టాల్లో నీళ్ళు తీసేయాలి, లేదంటే గడ్డకట్టి పగులుతాయి. రెండు మూడేళ్ళకోసారి నన్ను గట్టెక్కించి, నాచు కడిగి, ఆరబెట్టి, తారు రంగు రెండు మూడు పూతలు వేయాలి. మావాళ్ళు ఒక్కసారి కూడా ఆ గడువు దాటనివ్వలేదు.

కాలువకూ నాలాగే నీటి కింద ఒక ఒళ్ళుంది. తడి బంకమట్టిని తొక్కి తొక్కి వేసిన పొర అది. అదే నీళ్ళు ఇంకిపోకుండా ఆపుతుంది. దానికి పగులొస్తే గట్టు తెగుతుంది. సన్నని లాకును ఒక్కసారి తెరిస్తే లక్ష లీటర్ల పైచిలుకు నీళ్ళు దిగువకు పోతాయి. ఎండలు ముదిరి జలాశయాలు అడుగంటిన ఏడాది దారులు మూసేస్తారు. 2012 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లోని రెండు వేల మైళ్ళ నీటిదారులను కెనాల్ అండ్ రివర్ ట్రస్టు చూస్తోంది. మేం కట్టే లైసెన్సు సొమ్ము, స్వచ్ఛంద సేవకుల చెమట కలిసి ఆ మట్టి పొరను, ఆ తలుపులను నిలబెడుతున్నాయి.

పడవ కొనాలనుకునేవారికి నా మాట ఇదే. వంటగది చివర్లో చూడండి. ముందు నేల చెక్క ఎత్తి చూడండి, సర్వేయరును పిలవండి, సుత్తి శబ్దం మీ చెవులతో వినండి. కొన్న ధరకు పక్కనే తర్వాత అయ్యే తారుకూ, దిమ్మలకూ, బ్యాటరీలకూ, లైసెన్సుకూ సొమ్ము తీసి ఉంచండి. దానికంటే ముఖ్యంగా తీరిక తీసి ఉంచండి. అది లేనివారు వారం రోజులకు పడవ అద్దెకు తీసుకుని తిరగడం మేలు. ఉన్నవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. వేళకు చూసుకుంటే నాలాంటి ఉక్కు పడవ కొన్నవారి జీవితకాలాన్ని దాటి పనిచేస్తుంది.