మహారాజశ్రీ హెచ్ఆర్ గారి దివ్య సముఖానికి

అమీర్‌పేట మైత్రీవనం వెనక హాస్టల్లో, నలుగురున్న గదిలో, జావా కోర్సు ముగించిన కుర్రాడు కవర్ లెటర్ రాస్తున్నాడు. "మీ సంస్థ ఆశయాలు చిన్ననాటి నుంచీ నా గుండెల్లో ఉన్నాయి." ఆ సంస్థ పుట్టి మూడేళ్లు.

మన తాతలు 'ఐ బెగ్ టు స్టేట్' అని మొదలెట్టి 'యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' అని చేతులు కట్టుకునేవారు. అడుక్కుంటున్నామని ఒప్పుకున్నారు పాపం. ఇప్పుడు అడుక్కుంటే చాలదు, ప్రేమించాలి. అద్దె కట్టాలి, ఉద్యోగం ఇవ్వండి అన్నారో, ప్యాషన్ లేదంటారు. ఇంతకీ ప్యాషన్ దేనిమీద ఉండాలి? రాత్రంతా మేలుకుని అమెరికావాడి బీమా క్లెయిముల్లో తప్పులు దిద్దడం మీద!

మొన్నటిదాకా సీనియర్ ఇచ్చిన వర్డ్ ఫైలే గతి. పేరు మార్చడం మరిచిపోతే ఒక కంపెనీకి రాసిన ప్రేమలేఖ ఇంకో కంపెనీకి చేరేది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ దిగింది. ఆ కాస్త మానవ తప్పిదమూ పోయింది. అవతల చాలాచోట్ల ముందుగా జల్లెడ పట్టేది ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్. ప్రకటనలోని మాటలు దరఖాస్తులో ఉన్నాయా అని వెతుకుతుంది. ఒక యంత్రం ఒలకబోసిన ఆరాటాన్ని ఇంకో యంత్రం తూకం వేస్తుంది. కుర్రాడు ఈలోగా చాయ్ తాగొస్తాడు.

లియొనార్డో డావించి కూడా కొలువు అడిగాడు. సుమారు 1482లో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు రాసిన ఉత్తరంలో తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు, ఫిరంగులు, కప్పున్న యుద్ధ శకటాలు అంటూ తను చేయగలిగినవన్నీ వరసపెట్టాడు. పాలకుడికి కావలసింది యుద్ధ సరంజామా గనక బొమ్మలేస్తానన్న సంగతి చివర్లో చెప్పాడు. నమ్మకపోతే మీరు చెప్పిన చోట చేసి చూపిస్తానన్నాడు. వంతెనలంటే ప్యాషన్ అని మాత్రం రాయలేదు. (మనకు దక్కిన ఆ ఉత్తరం చిత్తుప్రతి ఆయన చేతిరాత కాదట. సీనియర్ల సాయం అప్పుడూ ఉందన్నమాట.) నేడైతే 'టీమ్ ప్లేయర్' అన్న మాట లేదని తొలి జల్లెడలోనే రాలిపోయేవాడు.

ఏం చేశావో, వాళ్ల పనికి అదెలా పనికొస్తుందో నాలుగు ముక్కల్లో రాయమని ఆ కుర్రాడికి చెప్పేవాళ్లు లేరు. 'సర్/మేడమ్' అని రాయకు, మేనేజరు పేరు కనుక్కుని రాయి అని చెప్పేవాళ్లు బోలెడు. పాపం లింక్డిన్ అంతా గాలించి, పేరు పట్టుకుని, స్పెల్లింగు రెండుసార్లు సరిచూసుకుని పంపాడు.

జవాబు వచ్చింది: 'డియర్ క్యాండిడేట్...'