గాలి మార్పుకు తిరువొత్తియూరు రండి

గాలిలో ఏమీ లేదట. కాలుష్య నియంత్రణ మండలి వారి బండి వచ్చింది, కొలిచింది, ఏమీ దొరకలేదంది, వెళ్ళిపోయింది. ఉత్తర చెన్నై తిరువొత్తియూరులో, గ్రామ వీధి బడిలో 2024 అక్టోబరు 25న ఏదో వాయువుకు పిల్లలు ఎలా పడిపోయారో, మూసిన బడిని నవంబరు 4న మళ్ళీ తెరిస్తే ఏం జరిగిందో మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఆ కథ మళ్ళీ వల్లించను. నన్ను పట్టుకుని వదలనిది ఆ ఒక్క మాటే.

మొదట ఒళ్ళు మండింది. కాస్త చల్లబడ్డాక వేరే బుద్ధి పుట్టింది. ఊటీ గాలి మంచిదని ఎవరు చెప్పారు? హోటళ్ళ వాళ్ళు. కొడైకెనాల్ గాలి? కొత్తగా పెళ్ళయినవాళ్ళు. సర్కారు సొమ్ముతో యంత్రం తెప్పించి, గొట్టం ఎత్తి కొలిపించి, ఇందులో ఏమీ లేదని అనిపించుకున్న భాగ్యం ఆ కొండలకు ఎప్పుడైనా పట్టిందా? మాకు పట్టింది. ఇంత గొప్ప సర్టిఫికెట్టు చేతిలో ఉంచుకుని పర్యాటకుల్ని పిలవకపోవడం మా చేతగానితనం. అందుకని ఈ శరత్తుకు ఏడు రోజుల యాత్ర ఒకటి సిద్ధం చేశాను. అందులో పట్నమూ ఉంది, పల్లే ఉంది. దానికి 'గాలి మార్పు' అని పేరు పెట్టాను.

ఆలోచన పాతదే. ఒకప్పుడు మద్రాసు కోటలో ఉక్కపోసిన దొరలు గాలి మార్పుకని ఎన్నూరు వచ్చేవారు. 1806లో మద్రాసు నుంచి కాలువ తవ్వుతూ వచ్చి ఎన్నూరులోనే తేల్చారు. మొదట కాక్రేన్ కాలువ అన్నారు. 1877-78 కరువు పనుల్లో దాన్ని సాగదీసి బకింగ్‌హామ్ కాలువ చేశారు. మన కోస్తా సరుకు పడవల్లో పట్నం చేరింది దాని మీదుగానే. ఇప్పుడు అందులో ఏం పారుతుందో యాత్రలోనే చూద్దురుగాని.

బయల్దేరే ముందు ఒక మాట. శరత్తు అనగానే చలిగాలి, ఎర్రబారిన ఆకులు ఊహించుకుని కోటు తెచ్చుకోకండి. మద్రాసు శరత్తు అంటే ఈశాన్య రుతుపవనం. 2024 అక్టోబరులో రెడ్ అలర్ట్ అనగానే దక్షిణాన వేళచ్చేరి వాళ్ళు కార్లన్నీ తీసుకెళ్ళి ఫ్లైఓవరు మీద పెట్టుకున్నారు. మా ఉత్తరాన అన్ని కార్లూ లేవు, అంత వార్తా కాలేదు. గొడుగు తెచ్చుకోండి. ముక్కుకు ఏం తెచ్చుకోవాలని అడక్కండి, ఎందుకంటే గాలిలో ఏమీ లేదు. మా గైడ్లకు శిక్షణ ఇచ్చాం. "ఇదేం వాసనండీ?" అని మీరడిగితే, "ఏ వాసనండీ?" అని వాళ్ళడుగుతారు. అంతకు మించి వాళ్ళకు ఏమీ నేర్పలేదు. అవసరం కూడా లేదు.

ఆదివారం మెట్రోలో దిగండి. 2021 ఫిబ్రవరి నుంచి విమ్కో నగర్ దాకా రైలుంది. ఏసీ పెట్టెలో కూర్చున్నంతసేపు అది ఏ ఊరి గాలో తెలియదు. తలుపు తెరుచుకున్నాక యాత్ర మొదలవుతుంది. నేరుగా గుడికి. త్యాగరాజ స్వామి, వడివుడై అమ్మన్. మన త్యాగయ్య ఇక్కడికి వచ్చి ఆ తల్లిని త్రిపురసుందరిగా కొలిచి అయిదు కృతులు తెలుగులో చేశాడు. కల్యాణిలో, ఆరభిలో, బేగడలో, సావేరిలో, శుద్ధసావేరిలో. శిష్యుడు వీణ కుప్పయ్యర్ పిలిస్తే వచ్చాడు. కుప్పయ్యర్ కొడుకునైతే సంగీత లోకం ఊరి పేరుతోనే తిరువొత్తియూరు త్యాగయ్యర్ అంటుంది. మద్రాసులో తెలుగు ఎక్కడుందని అడిగేవాళ్ళను నేను ఈ గుడి మెట్ల దగ్గరికి పంపుతుంటాను. అవి దమ్ము పట్టి పాడవలసిన కృతులు. ఇప్పుడు ఈ వీధిలో నిలబడి పల్లవి ఎత్తుకున్నవాడు దగ్గకుండా చరణం దాకా వెళితే, ఆ పాఠాంతరం ఎవరి దగ్గర నేర్చాడో కనుక్కోవాలి.

మూలవిరాట్టు ఆదిపురీశ్వరుడు ఏడాదంతా కవచంలోనే ఉంటాడు. తమిళుల కార్తిక పున్నమికి మూడంటే మూడు రోజులు కవచం తీసి, సుగంధ తైలాలు పూసి, నిజరూప దర్శనం ఇస్తారు. ఈ ఊళ్ళో కవచం లేకుండా ఎన్నాళ్ళు ఉండొచ్చో స్వామికి ముందే తెలుసు. మీ వారం ఆ మూడు రోజుల్లో పడకపోతే కవచానికే దండం పెట్టుకోండి. దాన్నించి నేర్చుకోవలసింది కూడా ఉంది.

సోమవారం మనలి. ఇక్కడ రిఫైనరీ ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, వాటిని కనిపెట్టుకుని మరికొన్ని ఉన్నాయి. కార్తీక మాసంలో మీ ఊళ్ళో ఆకాశదీపం సాయంత్రం ఎత్తి తెల్లారేసరికి దించేస్తారు. రిఫైనరీ గొట్టం కొసన వెలిగే మా దీపానికి నెయ్యి అక్కర్లేదు, ఒత్తి అక్కర్లేదు, మాసంతో పనిలేదు. దాని కింద పుణ్యం ఎంత వస్తుందో మండలి ఇంకా కొలవలేదు.

మంగళవారానికి ఎన్నూరు ఉప్పుటేరు. ఈ రోజు కోసం మ్యాపు కావాలి, ఆ మ్యాపు దగ్గరే తిరకాసుంది. 1996లో కేంద్రం ఆమోదించిన తీర ప్రాంత పటంలో ఈ ఉప్పుటేరు ఉంది. 6,500 ఎకరాలకు దగ్గరగా ఉంది, ముట్టుకోకూడదని రాసి ఉంది. మరుసటి ఏటి తేదీతో రాష్ట్రం వాడుతూ వచ్చిన పటంలో ఆ ఏరు లేదు. ఎండిపోలేదు, పూడిపోలేదు, కాగితం మీంచి లేచిపోయింది. సమాచార హక్కు కింద పాత పటం అడిగి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూస్తేగాని సంగతి బయటపడలేదు. నీళ్ళున్న చోట ఏమీ లేదని గీసిన ఆ చెయ్యి ఎవరిదో, దానికి పద్మశ్రీ బాకీ ఉన్నాం. కాబట్టి రెండు పటాలూ ఇస్తాం. ఒకటి పట్టుకుంటే పడవ ఎక్కాలి, రెండోది పట్టుకుంటే నడిచి వెళ్ళొచ్చు. కొన్నిచోట్ల రెండోదే నిజమైంది లెండి. అంత బూడిద పోశారు.

ఆ బూడిద దగ్గర కాసేపు ఆగాలి. నన్నయ గారి భారతం ఆగింది శారద రాత్రుల పద్యం దగ్గరే. ఆ తెలుపు, ఆ వెన్నెల చూసి కలం పెట్టేశారు. ఎన్నూరులోనూ శరత్తు తెల్లగానే ఉంటుంది. గట్టు తెలుపు, పొద తెలుపు, ఆరేసిన వల తెలుపు. ఇది పగలు కూడా తెలుపే. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను నీళ్ళలో కలిపి గొట్టాల్లో చెరువుకు తోలతారు. గొట్టం చిల్లిపడితే చెరువుదాకా వెళ్ళే శ్రమ తగ్గుతుంది, ఏట్లోనే దిగిపోతుంది. ఆ ఏరు మనకు పరాయిదేం కాదు. మన చిత్తూరు వైపు కుశస్థలి అని పిలుచుకునే నది ఇక్కడికొచ్చి కొసస్థలై ఆరు అయింది. పాత ఎన్నూరు థర్మల్ కేంద్రం 2017లో మూతపడిందని విని నిరాశపడకండి. వల్లూరులో 1,500 మెగావాట్లుంది. ఉత్తర చెన్నై కేంద్రానికి 2024 మార్చిలో 800 మెగావాట్లు కొత్తగా కలిపారు. మూసిన చోట 660 మెగావాట్లది కట్టడానికి పూనుకున్నారు. 2017లో గాయకుడు టి.ఎం. కృష్ణ ఈ ఒడ్డున నిలబడి 'చెన్నై పోరంబోకు పాడల్' పాడారు. ఊపిరి మీద బతికే మనిషి ఊపిరి పీల్చడానికి ఈ చోటే ఎంచుకున్నాడంటే మా గాలికి ఇంకేం సాక్ష్యం కావాలి?

బుధవారం ఎక్స్‌ప్రెస్ రోడ్డు. పేరులోని వేగం పేరులోనే ఉంది. రేవుకు వెళ్ళే కంటైనరు లారీల వెనక నిలబడండి. ఆ రోజుకు అదే చూడవలసిన వింత. గురువారం కూడా అక్కడే ఉంటే కంగారు పడకండి, యాత్రలో ఒక రోజు అందుకే ఎక్కువ పెట్టాం.

శుక్రవారం పల్లె. దీని గురించి వ్యంగ్యం చేయడానికి నాకు నోరు రాదు. తెల్లవారుజామున లోకల్ రైలెక్కితే సూళ్ళూరుపేట. అక్కణ్ణించి నేలపట్టు, పులికాట్ సరస్సు. అక్టోబరు నుంచి గూడబాతులు చెట్లమీద కాపురం పెడతాయి. నీళ్ళలో రాజహంసలు ఒంటికాలిమీద నిలబడి ఉంటాయి. దక్షిణపు ఒడ్డున పళవేర్కాడులో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, రాళ్ళమీద చెక్కడం చూసి తీరవలసిందే. ఒక్క హెచ్చరిక. అక్కడి గాలికి ఏ వాసనా ఉండదు, ఉప్పు తప్ప. అలవాటు లేక మీకు కళ్ళు తిరిగితే వెంటనే గైడుకు చెప్పండి, మనలి తీసుకొచ్చేస్తాం. ఆ సరస్సుకు మా వైపు కొసన కాట్టుపల్లి రేవును పెద్దది చేయాలని అదానీ వారు దరఖాస్తు పెట్టారు. ఈ లోటు కూడా తీరిపోవచ్చు.

శనివారం సాహస యాత్ర. ఒక్కొక్కరికి ఒక బకెట్టు, ఒక మగ్గు. 2017 జనవరిలో ఎన్నూరు కామరాజర్ రేవు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు నూనె కాలుష్యం ఏమీ లేదని రేవు వారు మొదట అన్నారు. ఆ ఏమీ లేనిదాన్ని జనం రోజుల తరబడి బకెట్లతో తోడిపోశారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదకు మనలి నూనె బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని ఉప్పుటేటికి వచ్చింది. మా గొట్టాల్లో ఎక్కడా కారలేదని రిఫైనరీ అంది. మళ్ళీ మగ్గులు. ఈసారి దోనెల్లో మనుషులు, ఒంటికి నల్లగా పట్టిన తెట్టుతో. మత్స్యకార కుటుంబానికి 12,500 రూపాయలు ఇచ్చారు. వలకు పట్టిన నూనె ఎన్నాళ్ళకు వదులుతుందో ఆ లెక్కలో లేదు.

అదే నెల 26 అర్ధరాత్రి. ఓడ నుంచి ఎన్నూరులోని మరో ఎరువుల ఫ్యాక్టరీకి సముద్రం అడుగున వచ్చే అమోనియా గొట్టం పగిలింది. పెరియకుప్పం, చిన్నకుప్పం జనం పిల్లల్ని చంకనేసుకుని చీకట్లో ఎటు గాలి వీస్తుందో తెలియక రోడ్డు మీద పరుగెత్తారు. యాత్రలో దీనికి 'మిడ్‌నైట్ మారథాన్' అని పేరు పెడదామనుకున్నాను.

పెట్టను. చివరి మజిలీగా గ్రామ వీధి బడి పెడదామని కూడా లెక్క వేసుకున్నాను. అదీ పెట్టను.

30 మందికి పైగా పిల్లలు గొంతు మండుతోందన్నారు, ఊపిరాడటం లేదన్నారు, కళ్ళు తిరిగి పడ్డారు. దీపావళికి ముందు ఒకసారి. దీపావళి వెళ్ళాక, బడి తెరవగానే, మళ్ళీ కొందరు. పండుగ సెలవుల్లో కూడబలుక్కుని వచ్చి దగ్గారా వాళ్ళు? ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్నారే, ఆ గొట్టంలోకి ఆక్సిజన్ ఎక్కించిన డాక్టరు కూడా ఏమీ లేదనే ఎక్కించాడా? వాయువు వచ్చిందీ వెళ్ళిందీ. ఆ తర్వాత బండి వచ్చింది. బండి వచ్చేదాకా ఆగమని గాలికి సమన్లు పంపారా? మా యంత్రానికి దొరకలేదు అనండి, ఒప్పుకుంటాం. ఎక్కడ నుంచి వచ్చిందో మాకు తెలియలేదు అనండి, అదీ ఒప్పుకుంటాం. ఏమీ లేదు అనకండి. ఆ మాట తల్లుల ముఖాన మీ పిల్లలు అబద్ధం ఆడుతున్నారని చెప్పడం.

మండలి యంత్రాలకు చూపు లేదని నేననను. అమోనియా రాత్రి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఘనపు మీటరు గాలికి 2,090 మైక్రోగ్రాములని కొలిచింది వాళ్ళే, ఉండదగినది 400 అని చెప్పిందీ వాళ్ళే. వేల మంది రోడ్డెక్కి ఉంటే దొరుకుతుంది, క్లాసుగదిలో పిల్లలు పడిపోతే దొరకదు. ఈ ఊళ్ళో వాసన వచ్చేది రాత్రిళ్ళు, తెల్లవారుజాముల్లో. బండి వచ్చేది ఆఫీసు వేళల్లో. ఈ సంగతి తేరడి దగ్గర టీ కొట్టువాడికి తెలుసు. ఇన్నేళ్ళుగా ఫిర్యాదులు అందుకుంటున్న వాళ్ళకు తెలియదా?

ఆ బడి ఉన్న వీధి గోడకు ఒక్క యంత్రం బిగించండి. వచ్చి వెళ్ళేది కాదు, రాత్రీ పగలూ అక్కడే ఉండి కొలిచేది. అది చెప్పే అంకె లోపల ఫైలులో కాదు, గేటు బయట బోర్డు మీద, బిడ్డను దించడానికి వచ్చిన తల్లికి కనబడేలా పెట్టండి. దానికి ఎవరి సంతకం కావాలో ఆ అధికారి పేరు చెప్పండి. మేమే వెళ్ళి ఆయన గది ముందు కూర్చుంటాం.