ఈ ఇంటి ఉప్పు తిన్నదాన్ని

పెద్దాపురంలో ఒక డాబా ఇంటి పెరట్లో, సిమెంటు మూత కింద నిలువుగా పాతిన ఇనుప గొట్టాన్ని నేను. ఎర్తు పైపు అంటారు. రెండున్నర మీటర్ల పొడుగు, జింకు పూత, ఒంటినిండా కన్నాలు. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలకి కూడా నేనున్నట్టు తెలియదు.

నన్ను దించింది 1987 వేసవిలో. కోనసీమలోనైతే కాస్త తవ్వితే చాలు, తేమ తగులుతుంది. మాది పాండవుల మెట్ట ఉన్న ఊరు. పలుగు వేస్తే మట్టికన్నా ముందు చప్పుడే లేచేది. "ఆరడుగులు చాల్దేటండీ" అని కూలి మనిషి కూలబడ్డాడు గాని కరెంటు మేస్త్రి ఒప్పుకోలేదు. పూర్తిగా దిగాక నా చుట్టూ బొగ్గు ఒక వరస, రాళ్ళుప్పు ఒక వరస వేసి నీళ్ళు పోశాడు. బొగ్గు తేమని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తేమలో కరిగి కరెంటుకి దారి ఇస్తుంది. అదే ఉప్పు నన్ను తుప్పు పట్టిస్తుంది కూడా. తిన్న ఉప్పుకి అదో ఖరీదు.

అప్పట్లో పాత పెంకుటిళ్ళలో గోడమీద టేకు బద్దెలు, వాటికి క్లిప్పులతో బిగించిన రెండు వైర్లు, ఒక పింగాణీ ఫ్యూజు. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రలు. మూడో వైరు దండగ ఖర్చనేవారు. బల్బుకీ ఫ్యానుకీ ఆ రెండూ సరిపోయాయి. ఫ్రిజ్జు, గ్రైండరు, గీజరు వచ్చాక ఇనుప ఒళ్ళూ తడి చేతులూ ఒకచోట చేరాయి. మూడు పిన్నుల సాకెట్లు బిగించారు గాని మూడో కన్నానికి వెనక ఏమీ ఉండేది కాదు. కొందరు మేస్త్రీలు న్యూట్రలునే తెచ్చి దానికి ముడేసేవారు. దీపం పెట్టి చూపిస్తే వెలుగుతుంది, ఇంటాయన డబ్బులిచ్చేస్తాడు. సర్వీసు వైరులో న్యూట్రలు తెగిననాడు ఫ్రిజ్జు తలుపు మీదే 230 వోల్టులు! ఇంకొందరు కుళాయి గొట్టానికి కట్టేవారు. ప్రమాణాలు వద్దంటాయి. పైగా మధ్యలో ఒక ప్లాస్టిక్ ముక్క పడితే ఆ ఎర్తు ఉత్తుత్తిదే.

నా పని చెబుతాను. గ్రైండరు లోపలి వైరు తొడుగు ఊడి దాని ఒంటికి తగిలితే ఆ కరెంటు పచ్చ వైరు పట్టుకుని నా దగ్గరికొస్తుంది. నేను మట్టిలోకి వదులుతాను. అది ట్రాన్స్‌ఫార్మరు పక్కన పాతిన మా అన్నగారి దాకా నేలలోంచే వెళ్ళి వలయం పూర్తిచేస్తుంది. దారి మొత్తం అడ్డు 5 ఓములైతే 46 ఆంపియర్లు పారి 15 ఆంపియర్ల ఫ్యూజు ఠప్పున పోతుంది. రోహిణి కార్తెలో మట్టి ఎండి అది 50 ఓములైతే? పారేది 4.6 ఆంపియర్లే. ఫ్యూజుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. గ్రైండరు మాత్రం ముట్టుకున్నవాళ్ళని పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. అసలు ఫ్యూజు కాపాడేది వైర్లని. మనుషుల్ని కాపాడుతుందన్నది మనవాళ్ళ భ్రమ.

ఇంటి పెద్దావిడ ఎండాకాలం కరివేపాకు చెట్టుకి పోసే నీళ్ళలో నాకూ వాటా దక్కేది. చెట్టు కొట్టేసి పెరడంతా టైల్సు పరిచాక ఆ వాటా పోయింది. శుభ్రంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఈమధ్యే అబ్బాయిగారు ఇల్లంతా తిరిగి వైరింగు చేయించారు. గోడల్లో పైపులు, లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు. మెయిన్‌లో ఆర్‌సీసీబీ అనే కొత్త కాపలాదారు. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోయాయా అని చూడటమే దాని పని. 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే చిటికెలో తెంచేస్తుంది. నేను ఎండిపోయి 50 ఓములున్నా దానికి లెక్కలేదు. ఈ వైరింగు పద్ధతులు చెప్పే జాతీయ విద్యుత్ కోడ్ 1985లోనే మొదటిసారి వచ్చి, 2011లోనూ 2023లోనూ మారింది. ఊళ్ళో మేస్త్రీల చేతుల్లోకి మాత్రం అది పుస్తకంగా కాక ఇలా ఒక్కొక్క వస్తువుగా దిగుతుంది.

ఆషాఢంలో మరిడమ్మ జాతరకి చుట్టాలు దిగారు. గీజరు వేస్తే చాలు, ఇల్లంతా చీకటి. "ఆ డబ్బా పీకించెయ్ బావా" అని సలహా. మేస్త్రి వచ్చి చూసి, "పీకాల్సింది దాన్ని కాదండీ, గీజరు ఎలిమెంటు పగిలింది. ఆ డబ్బా లేకపోతే ఈపాటికి ఎవరికో నీళ్ళలోనే కొట్టేదండీ ఆయ్" అన్నాడు.

అతనే నా మూత తీసి మీటరు పెట్టి చూశాడు. తుప్పు నన్ను సగానికి పైగా తినేసింది. ఇంకో పైపు దించాలన్నాడు.

"దీని పక్కనే దించెయ్ మరి, టైల్సు మిగుల్తాయి" అన్నారు అబ్బాయిగారు.

"పక్కపక్కనుంటే రెండూ ఒకే మట్టిలోకి తోస్తాయండీ, రెండోది ఉన్నా లేనట్టే. తక్కువలో తక్కువ పైపు పొడుగంత ఎడం ఉండాలి."

బేరం సపోటా చెట్టు దగ్గర తెగింది. నాలుగు టైల్సు పగిలాయి.