ఐపీ పెట్టిన మనిషికో పాసుబుక్కు

రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి, ముంబయి.
నస్పూర్ సీసీసీ నుంచి, ఒకప్పుడు బొగ్గుబాయి మీద మస్టర్లు రాసిన రిటైర్డు క్లర్కు రాయునది.

అయ్యా,

ముందు మన చుట్టరికం సంగతి చెప్పుకుందాం. మీ సంతకం ఉన్న నోటొకటి ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది. దీన్ని పట్టుకొచ్చినవాడికి ఇంత సొమ్ము చెల్లిస్తానని మీరు దాని మీద మాటిచ్చారు. మాటేమో హిందీలో, ఇంగ్లీషులో ఉంది. తెలుగుకు దక్కింది ఎన్ని రూపాయలో చెప్పే మాట ఒక్కటే, అదీ వెనకవైపు భాషల పట్టీలో కింది నుంచి రెండో వరుసలో. ఫరవాలేదు. నోటు రాసేవాళ్లు మా కాలనీలోనూ బోలెడుమంది. కాకపోతే మేం రాసినదానికి రెవెన్యూ స్టాంపు అంటించాలి, సాక్షులను బతిమాలి తెచ్చుకోవాలి, మూడేళ్లు దాటాక దాన్ని కోర్టులో వేస్తే చెల్లదు. మీ నోటుకు ఈ తిప్పలేవీ లేవు. అప్పు రాసిచ్చినవాడి బాధ అప్పు రాసిచ్చినవాడికే అర్థమవుతుందన్న ధైర్యంతో మీకు రాస్తున్నాను.

విషయం చిన్నది. ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టిన మనిషికి ఒక సేవింగ్స్ ఖాతా కావాలి. లోను వద్దు, క్రెడిట్ కార్డు వద్దు, చెక్కుబుక్కు కూడా వద్దు. జీతం పడాలి, పడిన జీతం తీసుకోగలగాలి. అంతే.

మా పక్కింటి పిలగాడి కథ వినండి. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఉద్యోగంతో పాటు తండ్రి బాకీలూ వచ్చాయి, అవి అపాయింట్‌మెంట్ ఆర్డరులో రాయరు. చెల్లె పెళ్లికి జీతం పడే బ్యాంకులోనే పర్సనల్ లోను తీసుకున్నాడు. దాని కిస్తీ కట్టడానికి గిరిగిరి వడ్డీ అప్పు. గిరిగిరి కట్టడానికి ఫోన్లో లోను యాప్. నడుం నొప్పితో నాగాలు పెరిగి మస్టర్లు తగ్గాయి, కిస్తీ మాత్రం తగ్గలేదు. చివరికి వకీలు దగ్గరికి పోయి కోర్టులో ఐపీ వేశాడు. పారిపోలేదు, ఫోను నెంబరు మార్చలేదు. ఉన్నదీ లేనిదీ రాసి జడ్జిగారి ముందు పెట్టాడు. ఇంతకంటే మర్యాదగా అప్పు ఒప్పుకునే పద్ధతి నాకైతే తెలియదు.

కోర్టులో ఉన్నా జీతం పడేది లోనిచ్చిన బ్యాంకులోనే కదా. పడిన గంటలోనే హోల్డు. 2024 దసరాకు బొగ్గు కంపెనీ లాభాల్లో 33 శాతం వాటా పంచారు, కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా ఐదు వేలు అందాయి. మా కాలనీ మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు. పర్మినెంటు నౌకరీ ఉన్న ఈ పిలగాడికి మాత్రం వాటా వచ్చినట్టు మెసేజీ, దాని వెనకాలే పోయినట్టు మెసేజీ. బంతిపూలు మా ఆవిడ కొనిచ్చింది.

వేరే బ్యాంకులో ఖాతా తెరుద్దామని నేనే వెంట పోయాను. ఏ బ్యాంకో చెప్పను, అన్నిట్లోనూ అదే కుర్చీ, అదే ఫ్యాను. కౌంటర్లో సారు ఆధారు కొట్టి, పాను కొట్టి, తెర వైపు చూసి నుదురు రుద్దుకున్నాడు.

“తమ్మీ, నీ సిబిల్ బాగలేదు.”

“సార్, నేను లోను అడుగుతలేను. నా జీతం మీ దగ్గర పెడతా అంటున్న.”

“అదే. సిస్టంల రిమార్కు చూపిస్తున్నది. మేనేజర్ సారు లీవుల ఉన్నడు.”

గవర్నరు గారూ, నాకు లెక్కలు వచ్చు కాబట్టి అడుగుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో సొమ్ము వేసినప్పుడు అప్పిచ్చేది ఎవరు, తీసుకునేది ఎవరు? ఇచ్చేవాడు మా పిలగాడు, తీసుకునేది బ్యాంకు. ఆ లెక్కన సిబిల్ చూడాల్సింది అతను, చూపించాల్సింది బ్యాంకు. ఈ మాట కౌంటర్లో అంటే సారు నవ్వాడు. పాపం, మంచివాడే. తెర మీద ఏముందో చదవడానికే ఆయన్ని కూర్చోబెట్టారు.

ఇంకోచోట దయతలచి ‘చిన్న ఖాతా’ ఇస్తామన్నారు. దాంట్లో ఏడాది మొత్తం జమ లక్ష దాటకూడదు, నెలకు పదివేలకు మించి తీయకూడదు. కాగితాలు లేనివాళ్ల కోసం పెట్టిన ఖాతా అది. ఇతని దగ్గర కాగితాలకు కొదవ లేదు, కోర్టు కాగితాలు కూడా ఉన్నాయి. బాయిలో దిగేవాడి రెండు మూడు నెలల జీతానికే ఆ లక్ష నిండుతుంది. ఆ తర్వాత జీతం ఎక్కడ పెట్టాలి, తట్టలోనా?

మీరు రాసినవన్నీ నేను చదివాను. రిటైరైన క్లర్కుకు వేరే పనేముంది? 2012 ఆగస్టు 10న మీ కార్యాలయం బ్యాంకులకు సర్క్యులరు పంపింది. బేసిక్ సేవింగ్స్ ఖాతా అందరికీ ఇవ్వాలి, కనీస నిల్వ అడగకూడదు, ఏటీఎం కార్డుకు పైసా తీసుకోకూడదు, నెలకు నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం అని అందులో ఉంది. సిబిల్ అడగాలని ఎక్కడా లేదు. బంగారం లాంటి సర్క్యులరు. బాయిలో గాలి ఆడడానికి పైన పెద్ద ఫ్యాను పెడతారు. ఫ్యాను ఎంత పెద్దదైనా గాలి బొగ్గు తవ్వే ఫేసు దాకా పోవాలంటే దారిలో తలుపులు, పర్దాలు సరిగ్గా ఉండాలి. మీ ఫ్యాను ముంబయిలో తిరుగుతూనే ఉంది. పర్దా ఎక్కడో చినిగింది.

చట్టం చూద్దామా అంటే, అది మా తాత వయసుది. ఇప్పటికీ మా దగ్గర మామూలు మనిషి ఐపీ పెట్టేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే. ఐదు వందల అప్పుంటే చాలు, పిటిషన్ వేయొచ్చు. దివాలా తేలి ఇంకా విడుదల కానివాడు, ఆ సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా యాభై రూపాయలు అంతకు మించి అరువు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు. 1920లో యాభై రూపాయలంటే చిన్న సొమ్ము కాదు. ఇవాళ మా సీసీసీ కార్నర్లో నలుగురు కలిసి చాయ్ తాగి, మిర్చీబజ్జీ తింటే ఆ హద్దు దాటుతుంది. బ్యాంకు ఖాతా ముచ్చట ఎలా ఉన్నా, హోటలాయనకు “అన్నా, నేను దివాలా మనిషిని, అరువిస్తవా” అని ముందుగా విన్నవించుకోవాలి.

2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది. చిన్న అప్పులవాళ్లకు అందులో కొత్త బతుకు మొదలుపెట్టే దారి కూడా రాశారు. ఏడాది ఆదాయం అరవై వేలు, ఆస్తి ఇరవై వేలు, అప్పు ముప్పై ఐదు వేలు దాటకూడదన్నారు. ఇన్ని షరతులకు సరిపోయే మనిషి దొరకాలంటే లాటరీ తీయాలి. దొరికినా లాభం లేదు, ఆ అధ్యాయం ఇంకా అమల్లోకి రాలేదు. కంపెనీల అప్పులకు పూచీ నిలబడ్డవాళ్ల వరకు మాత్రం, వ్యక్తుల దివాలాకు సంబంధించిన మిగతా అధ్యాయాలను 2019 డిసెంబరు నుంచి అమలు చేశారు. పెద్దోళ్లకు పెద్ద తలుపు తెరిచారు, చిన్న తలుపు తాళం చెవి ఇంకా వెతుకుతున్నారు.

నాకు అన్నిటికంటే ఎక్కువ చిత్రంగా తోచేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను. కూలివాడి కూలిని కోర్టు కూడా జప్తు చేయకూడదు. జీతగాడి జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టకూడదు. మనోవర్తి బాకీలాంటిదైతే వేరే లెక్క. తెల్లదొరల కాలపు చట్టానికే ఆమాత్రం కనికరం ఉంది, మనిషి బతికి ఉంటేనే కదా అప్పు తీర్చేది అని. కానీ బ్యాంకు కోర్టుకు పోనక్కరలేదు. సొమ్ము దాని ఇంట్లోనే ఉంది, లోనూ దానిదే. ఇటు ఖాతా నుంచి అటు ఖాతాకు ఒక మీట నొక్కితే సరి. జడ్జిగారికి లేని అధికారం మీటకు ఉందన్నమాట.

ఫ్రాన్సు దేశంలో మీలాంటి పెద్ద బ్యాంకే ఈ పని చూస్తుంది. ఏ బ్యాంకైనా ఖాతా నిరాకరిస్తే ఆ మనిషి బాంక్ ద ఫ్రాన్సుకు రాసుకోవచ్చు, ఫలానా బ్యాంకులో తెరువు అని వాళ్లే ఆదేశిస్తారు. 1984 నుంచీ ఈ హక్కు ఉంది. అప్పుల్లో మునిగినవాళ్ల దరఖాస్తులు చూసే కమిషన్ల పని కూడా ఆ బ్యాంకు ఆఫీసుల్లోనే జరుగుతుంది. అక్కడి బాకీదార్లు మనవాళ్లకంటే మంచివాళ్లేమీ కాదు.

మీ అంబుడ్స్‌మన్ ఉన్నాడని తెలుసు, 14448 కూడా తెలుసు. ముందు బ్యాంకుకే రాసి, ముప్పై రోజులు చూసి, అప్పుడు ఫిర్యాదు చేయమంటారు. ఫిర్యాదుకు ఏదో ఒక కాగితం ఆధారం కావాలి కదా. “సిస్టం తీసుకోవట్లేదు” అన్న మాటను ఏ కాగితం మీద రాయించుకోను?

ఈలోగా ఆ పిలగాడికి ఒక ఆసామి దొరికాడు. వడ్డీకి తిప్పేవాడే. పూర్వం బాయి గేటు దగ్గర, జీతాల కిటికీ ముందు నిలబడి నగదు గుంజుకునేవాళ్లు. జీతాలు బ్యాంకుల్లో పడేసరికి పీడ వదిలిందనుకున్నాం. వాళ్లు గేటు వదిలి ఏటీఎం దగ్గరికి మారారు. ఈ ఆసామి జేబులో రబ్బరు బ్యాండు చుట్టిన కార్డుల కట్ట ఉంటుంది, ఒక్కో కార్డు వెనకాల తెల్ల టేపు అంటించి బాల్‌పెన్నుతో పిన్ను రాసి ఉంటుంది. జీతాల పూట ఆయన లోపలికి పోతే బయట క్యూ కదలదు. అలా కార్డులు తాకట్టు పెట్టుకునేవాళ్లను గోదావరిఖనిలో పోలీసులు పట్టుకున్నారు కూడా. మరి ఆ ఆసామి ఏమన్నాడంటే, “నాకు తెలిసిన బ్యాంకుల ఖాతా తెరిపిస్త బిడ్డా, కార్డు నా దగ్గర పెట్టు” అని. సిబిల్ మాటే ఎత్తలేదు.

అందుకని నేను అడిగేది ఇంతే. ఖాతా ఇవ్వనన్న బ్రాంచి ఆ మాట కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వాలి. ముద్ర వెయ్యాలనేసరికి సగంమందికి సిస్టం దానంతటదే బాగవుతుంది. కోర్టులో ఐపీ నడుస్తున్నవాడికి, లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకున్నవాడికి, అప్పు లేని ఇంకో బ్యాంకులో బేసిక్ ఖాతా తప్పనిసరిగా ఇవ్వాలని పేరు పెట్టి చెప్పండి. అరవయ్యో సెక్షను కోర్టును ఎక్కడ ఆపిందో, జీతం పడిన ఖాతాలో బ్యాంకు మీట కూడా అక్కడే ఆగాలి. బాకీ ఎగ్గొట్టమని నేను అనడం లేదు. జడ్జిగారు ఎంత కట్టమంటే అంత ఆ కొత్త ఖాతా నుంచే కడతాడు, రసీదు నేను దాచిపెడతాను.

ఇట్లు
తమ నోటు ఒకటి కలిగియున్న ధారకుడు

గమనిక: జవాబు మామూలు కవర్లో పంపగలరు. సంతకం పెట్టించుకునే పోస్టులో పంపితే కోర్టు నోటీసనుకుని మా వాడలో ఎవరూ తలుపు తీయరు.