కాదనడమే ఘనత

అమెరికా అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాల్లో ప్రధానంగా తయారయ్యే సరుకు తిరస్కరణ. అక్కడ చదువు కూడా చెబుతారు, బాగానే చెబుతారు. అయితే పేరు తెచ్చేది మొదటిదే: ఎంత ఎక్కువమందిని కాదంటే అంత గొప్ప. దీనికి ముడిసరుకు అప్లికేషన్లు. ముడిసరుకు ఇచ్చేవాళ్లే చాలాచోట్ల ఒక్కోదానికి 75 నుంచి 90 డాలర్ల దాకా ఎదురు చెల్లించడం ఈ పరిశ్రమ ప్రత్యేకత. పేదవారికి ఆ ఫీజు మాఫీ చేస్తారు. కాదనిపించుకునే హక్కు అందరికీ సమానంగా ఉండాలి కదా.

ఉత్పత్తి పెరిగిన తీరు హార్వర్డ్ లెక్కల్లో బాగా కనిపిస్తుంది. 2020లో అక్కడ సీటు కోరినవారు 40,248 మంది. కొవిడ్ వల్ల శాట్ ప్రవేశ పరీక్ష మార్కులు పంపనక్కర్లేదనగానే మరుసటి ఏడాది 57,435 మంది, 2022లో 61,220 మంది ఎగబడ్డారు. సీట్లు ఎక్కడివక్కడే. 2022లో పిలుపు అందింది 1,954 మందికి, అంటే నూటికి ముగ్గురికి. మార్కులు అడగడం లేదు కాబట్టి తమకూ దారి దొరుకుతుందని అదనంగా ఇరవై వేల మంది నమ్మారు. ఆ నమ్మకం ఊరికే పోలేదు. శాతాన్ని కిందికి దించడానికి పనికొచ్చింది. శాట్‌ను మళ్లీ తప్పనిసరి చేశాక 2025లో వచ్చిన అప్లికేషన్లు 47,893.

1975లో 15 కాలేజీలతో మొదలైన కామన్ అప్లికేషన్‌లో ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలున్నాయి. ఒక్క ఫారం నింపి ఇరవై చోట్లకు పంపవచ్చు. ఎక్కడా సీటు ఖాయమన్న ధీమా లేదు కాబట్టి అందరూ అన్నిచోట్లా అప్లై చేస్తారు. అందరూ అన్నిచోట్లా అప్లై చేస్తారు కాబట్టి ఎక్కడా ధీమా ఉండదు. ముడిసరుకు ఇంకా కావాలనుకునే కాలేజీలకు శాట్ రాసిన పిల్లల పేర్లు అమ్మకానికి దొరుకుతాయి. 2019 నాటికి పేరు ధర 47 సెంట్లు. ఆ పేర్లకు రంగురంగుల బ్రోషర్లు వెళ్తాయి, తర్వాత క్షమాపణ ఉత్తరాలు వెళ్తాయి. ఈ పందెం పిల్లలను బెదరగొడుతోందన్న దయతో 2018లో స్టాన్‌ఫర్డ్ సీజన్ మధ్యలో తన అంకెలు చాటడం మానేసింది. అప్పటికే ఆ శాతం నాలుగు చిల్లరకు దిగింది.

ఇక ధర. 2025-26లో హార్వర్డ్‌లో ట్యూషన్, గది, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 86,926 డాలర్లు, దాదాపు 75 లక్షల రూపాయలు. ఈ అంకె చూసి గుండె పట్టుకున్నవారికి పక్కనే మందు ఉంటుంది: ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబానికి సర్వం ఉచితం, రెండు లక్షల లోపైతే ట్యూషన్ ఉచితం. ఎంఐటీ, ప్రిన్‌స్టన్‌లదీ ఇదే ఔదార్యం, హద్దుల్లోనే కాస్త తేడా. ఇందులో బూటకం లేదు. సీటు వచ్చిన పేదింటి పిల్లకు సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం కన్నా హార్వర్డే చవక పడొచ్చు. చిక్కల్లా ఆ ‘సీటు వచ్చిన’ దగ్గరే ఉంది. 2025లో ఈ పథకాన్ని విస్తరిస్తూ, దేశంలోని 86 శాతం కుటుంబాలు ఏదో ఒక సాయానికి అర్హులవుతాయని హార్వర్డే చెప్పింది. ఆ నాటికి లోపల సాయం అందుకుంటున్న విద్యార్థులు 55 శాతం. భోంచేసి వచ్చినవాళ్లనే ఎక్కువగా లోపలికి పిలిస్తే అన్నదానానికి పెద్దగా ఖర్చవదు.

రెండు లక్షల గీతకు కాస్త పైన రెంటికీ చెడ్డ రేవడిలాంటి వర్గం ఒకటుంది. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ, ఇంటి వాయిదాలు కట్టుకుంటూ, ఊళ్లో అమ్మానాన్నలకు డబ్బు పంపే తెలుగు కుటుంబాలు చాలావరకు ఈ వర్గంలోనివే. సాయం కోరే ఫారం దృష్టిలో వాళ్లు సంపన్నులు, బ్యాంకు ఖాతా దృష్టిలో కారు. పిల్లలు ఇంకా హెచ్-4 డిపెండెంట్ వీసా మీదే ఉంటే ఫెడరల్ సాయం అసలే లేదు. అక్కడే బడికి వెళ్లి పెరిగినా చాలా కాలేజీల్లో వాళ్లు విదేశీ విద్యార్థుల కిందే లెక్క.

లోపలికి వెళ్లేదెవరో కూడా లెక్కతేలిన విషయమే. ఒకే రకం మార్కులొచ్చినా, పైనున్న ఒక శాతం ఇళ్ల పిల్లలు ఐవీ లీగ్ స్థాయి కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకన్నా రెట్టింపుకు పైగా ఉందని ఆర్థికవేత్తలు రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో తేల్చారు. కారణాల్లో ఒకటి ఆటలు. ఆటలంటే కబడ్డీ కాదు. పడవలు, కత్తిసాము, స్క్వాష్. 2019లో బయటపడ్డ ప్రవేశాల కుంభకోణంలో, పడవ పందెం ఎరగని పిల్లలను రోయింగ్ యంత్రం మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసి పంపారు. కష్టపడి పడవే నేర్పించిన తల్లిదండ్రులు మాత్రం ఏ చట్టానికీ చిక్కరు.

మరో బలమైన అర్హత, తాతలు నేతులు తాగి ఉండటం. కోర్టు ముందుకొచ్చిన లెక్కల ప్రకారం హార్వర్డ్ పూర్వ విద్యార్థుల సంతానంలో నూటికి దాదాపు 33 మందికి సీటొస్తే, మిగతావారిలో ఆరుగురికైనా రాలేదు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతి ప్రాతిపదికను కొట్టేసింది, ఈ మూతుల వాసన జోలికి పోలేదు. కాలిఫోర్నియా పోయింది: రాష్ట్ర సాయం అందే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వారసులకు మొగ్గు చూపకూడదని 2024లో చట్టం చేసింది. స్టాన్‌ఫర్డ్ ఆలోచించుకుని, పేద విద్యార్థుల కోసం రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ పథకంలోంచే తప్పుకుంది. ఆ సొమ్ము తన నిధిలోంచే ఇస్తానంది. వారసుల సీట్లు అలాగే ఉన్నాయి. అప్లికేషన్ ఫీజులో మాత్రం వారసులకు ఒక్క డాలరు కూడా తగ్గింపు లేదు.