అకాల వానప్రస్థం

జుట్టు నెరిసి, మనవణ్ణి చూసుకున్నాక గృహస్థు అడవికి వెళ్ళాలని పెద్దలు చెప్పారు. నాకు జుట్టు నెరిసిన మాట నిజమే గానీ, మా పెద్దవాడింకా ఎనిమిదో తరగతి. అయినా వేసవి రాగానే మా ఆవిడ నా చేత డాలస్ నుంచి ఆరు గంటలు కారు తోలించి అడవికి పంపేస్తోంది. పంపించి ఊరుకుంటే ఎంతో బాగుండేది. తనూ వస్తోంది. పిల్లలూ, అత్తగారూ, గాలి పరుపులూ, రైస్ కుక్కరూ, సోనామసూరి బియ్యం బస్తా కూడా వస్తున్నాయి. సంసారాన్ని వదిలి అడవికి పొమ్మన్నారు గానీ, సంసారాన్ని కారు నెత్తిన కట్టుకుని పొమ్మని ఏ ధర్మశాస్త్రంలో ఉందో ఎవరైనా చూపించాలి.

ఆ అడవి పేరు గార్నర్ స్టేట్ పార్క్. టెక్సాస్ హిల్ కంట్రీలో, కాంకన్ దగ్గర, ఫ్రియో నది ఒడ్డున ఉంది. పార్కు మీద నాకే ఫిర్యాదూ లేదని ముందే మనవి చేస్తున్నాను. ముద్దాయిలంతా మా ఇంట్లోనే ఉన్నారు.

అక్కడ చోటు కావాలంటే అయిదు నెలల ముందు నుంచీ బుక్ చేసుకోవచ్చు. వేసవిలో చోట్లు ఇట్టే అయిపోతాయి కాబట్టి, జూన్‌లో నదిలో దిగడానికి జనవరిలో శాలువా కప్పుకుని కంప్యూటర్ ముందు కాచుక్కూర్చోవాలి. అది ఇంటి యజమాని చెయ్యవలసిన పనట. తక్కిన ఏ విషయంలోనూ నాకు ఆ హోదా ఉన్నట్టు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఈ పార్కుకు పేరిచ్చిన జాన్ నాన్స్ గార్నర్ అక్కడి యువాల్డీ వాడే. 1933 నుంచి 1941 దాకా రూజ్వెల్ట్ కింద ఉపాధ్యక్షుడు. ఆ పదవి దేనికీ కొరగాదని ఆయన గట్టి నమ్మకం. మా ఇంట్లో నాది సరిగ్గా ఆ పదవే కాబట్టి ఆ పేరంటే నాకు కొంచెం అభిమానం.

ఒక్కో సైటులో ఎనిమిది మందికి మించి ఉండకూడదు. సబబైన నియమమే. కానీ మా వాట్సాప్ గ్రూపులో ఒకరు కేంపింగ్ అంటే పదిమంది "మేమూ" అంటారు. వాళ్ళను ఎనిమిదితో భాగించి, శేషాన్ని ఎక్కడో సర్ది, దొరికిన చోట్లలో దిగితే ఇడ్లీలు ఒక సైటులో, చట్నీ అర మైలు అవతలి సైటులో తేలాయి.

ఇక కట్టెలు. చుట్టూ ఎండుపుల్లలే, ఒక్కటీ ఏరకూడదు. అవి కుళ్ళి మట్టిలో కలవాలి, పురుగూ పుట్రా బతకాలి, న్యాయమే. అందుకని కొన్న కట్టెల మోపు దింపుతుంటే అత్తగారు నాలుగు కుటుంబాల ముందు అడిగారు: "అల్లుడుగారూ, అడవికి కట్టెలు కొని తెచ్చారా?" ఏం చెబుతాను?

మాంద్యం రోజుల్లో పనుల్లేని కుర్రాళ్ళను సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో చేర్చుకుని ఈ పార్కు కట్టించారు. నెలకు 30 డాలర్లు, అందులో 25 ఇంటికి పంపాలి. వాళ్ళు రాళ్ళు పేర్చి లేపిన మండపం, 1941లో పార్కు తెరిచింది మొదలు చెక్కుచెదరలేదు. నేను వీడియో చూసి లేపిన టెంటు సాయంత్రం గాలికి కూర్చుంది. జీతంలో ఇంటికి పోగా చేతికి మిగిలేదాని దగ్గర మాత్రం వాళ్ళకూ నాకూ పెద్ద తేడా లేదు.

నది సంగతీ చెప్పాలి. ఊటనీళ్ళు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, ఒడ్డున ఆకాశమంత సైప్రస్ చెట్లు. కృష్ణ పుష్కరాల్లో మునిగిన మా అత్తగారు పొద్దున్నే పసుపు, కుంకుమ పట్టుకుని దిగి, మోకాళ్ళ లోతులో నిలబడి, మిగతా నీళ్ళు ఎప్పుడు వదులుతారని అడిగారు. వానలు తక్కువైన ఏడు ఆ నది అంతే. నన్ను ట్యూబులో కూర్చోబెట్టి వదిలితే పది గజాల్లో రాళ్ళమీద ఆనింది. కారణం వానలని నేను, బరువని మా ఆవిడ. పిల్లలు సాక్ష్యం చెప్పకుండా వెనకనుంచి నెట్టుకుంటూ పోయారు.

రాత్రి ఆ రాతి మండపంలో జ్యూక్‌బాక్స్ పెట్టి డాన్సు. 1940ల నుంచీ వేసవి రాత్రుల్లో సాగుతున్న ఆనవాయితీ. పొద్దుటినుంచీ మోతబరువులతో నడుం పట్టేసిన నన్ను "రండి" అంటుంది మా ఆవిడ. ఈలోగా కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఓ తాతగారు అత్తగారి ముందు వంగి చెయ్యి చాచారు. ఆవిడ తిట్టిపోస్తారనుకున్నాను. గట్టు పక్కన చెప్పులు విడిచి, కొంగు బిగించి, మండపం ఎక్కారు. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో రెండు మెట్లు ఎక్కని మనిషి! ఆ మందులు కొంటున్నది నేను.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. పదయ్యేసరికి మా ఆవిడ గొంతు తగ్గించింది. అభియోగాలు తగ్గలేదు, అన్నీ గుసగుసల్లో నడిచాయి. ఈ ఒక్క నియమాన్ని మా ఇంటికీ పొడిగించమని అర్జీ రాద్దామనుకుంటుండగా రకూన్ వచ్చి బల్ల ఎక్కింది. అదిలించాలంటే అరవాలి, అరిస్తే నియమభంగం. కుటుంబమంతా వరుసలో నిలబడి గొంతు పెగలకుండా హుష్, హుష్ అన్నాం. అది మమ్మల్నోసారి పరికించి, పులిహోర డబ్బా మూత ఊడదీసి, వేరుశనగపప్పులు ఏరుకుని ఏరుకుని తింది.

మూత గట్టిగా పెట్టలేదట నేను.