విలువల విచారణ సంఘము

మనుష్యుడు తన యింటికి దూలములెన్నో, పెరటిలో చెట్లెన్నో, బావమఱది తనకు బాకీపడిన రూపాయలెన్నో తడుముకొనకుండ చెప్పగలడు గాని, నీవు ప్రాణప్రదముగా నెంచు విలువలేవి యని యెవరైన నడిగినచో, ఉన్నట్టుండి దగ్గు తెచ్చుకొనును. బెంగుళూరులో నుద్యోగము చేయు మా మేనల్లుడు ఏదో శిక్షణ తరగతికి హాజరై వచ్చి, "మామా, మనిషన్నాక తన ముఖ్యమైన విలువలు అయిదు కాగితం మీద రాసుకోవల్ల. దారి తెలిసేది అప్పుడే" అని నా చేతికి కలమిచ్చెను.

కాఫీకిని స్నానమునకును నడుమ గల వ్యవధిలో ఆత్మను గాలించి తేల్చుమనిన, బళ్లారివాడు నమ్మునా? మా తాలూకా యొక్కటి ఏ రాష్ట్రమున కొరగునో తేల్చుటకే 1953లో న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాగారిచేత విచారణ జరిపింపవలసి వచ్చెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రమునకు పోగా, ఆయన నివేదిక ననుసరించి బళ్లారి మైసూరున చేరెను. రెండేండ్లకే రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము అది ఆంధ్రమునకే చెందవలెనని వ్రాసెను. ఆ మాట చెల్లలేదు. పెద్దలిట్లు తర్జనభర్జనలు పడుచుండ, మా జనము మాత్రము ఉదయము కన్నడమున కూరలు బేరమాడి, మధ్యాహ్నము తెలుగున తగవులాడి, రాత్రి రెండు భాషలలోను కలవరించుచుండిరి.

అయినను వ్రాసితిని: సత్యము, మితవ్యయము, ఆరోగ్యము, సమయపాలనము, దానము. కంటికింపుగానే యుండెను. మా యింటావిడ దానిని చదివి, జమాఖర్చు పుస్తకము తెచ్చి నా యెదుట పెట్టి, "ఏమండీ, మీ విలువలన్నీ దీంట్లో ఎప్పుడో రాసిపెట్టినాను, చూసుకోండి" అనెను. అందు దానము క్రింద గుడి హుండీలో వేసిన రూపాయి. ఆరోగ్యము క్రింద త్రిఫల చూర్ణము పొట్లమొకటి. తక్కిన పుటలనిండ, వాన కురిసిన వారమునను కురియని వారమునను, మా ఊరి ఒగ్గరణె మిర్చి, అనగా తాలింపు బొరుగులును మిరపకాయ బజ్జీలును, మరల ఒగ్గరణె మిర్చి. నేను జాబితాలో పెట్టని పద్దు మఱియొకటియు ఏటేట కానవచ్చెను: నాటకము టిక్కెట్లు రెండు. పత్తి ధర పడిపోయిన యేడు క్రొత్తచొక్కా పద్దు లేదు గాని, నాటకపు పద్దు కలదు.

ఇందు ఊరి గాలి దోషము కొంత లేకపోలేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభ యను నాటకసమాజమును నెలకొల్పిన ఊరిది. వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) వకీలుగా నార్జించుచు, మనసంతయు రంగస్థలమునకు ధారపోసిన ఊరిది. పురుషులే మీసములు గొరిగించుకొని సీతలును సావిత్రులును అగుచున్న కాలమున, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, వారిని తన సరసన రంగమెక్కించిన ఆ మహానటుడు, తన విలువల జాబితా వ్రాసి గోడకు తగిలించుకొనెనని నేనెచ్చటను వినలేదు.

కావున నా తీర్పిది: నష్టమున కోర్చియు, నలుగురిచేత మాటపడియు, ఏది మానలేకపోవుదుమో అదియే మన విలువ. "ఈ లెక్కన మిర్చి కూడా విలువే కదా మామా!" అని మేనల్లుడు ఆక్షేపించెను. అగుగాక! పాఠకమహాశయులారా, జాబితా వ్రాయబోవుటకు ముందు నిరుటి జమాఖర్చు పుస్తకము నొకసారి తెరచి చూడుడు. అది మీరు గాక, మీ యింట మఱియొకరు వ్రాసినదైనచో మఱింత ప్రామాణికము.